231 ఫ్లయింగ్ గంటలు, సీపీఎల్, ఐఆర్ అన్నీ ఉన్నాయి, పైలట్ ఉద్యోగానికి ఫోన్ మాత్రం మోగట్లేదు

కొత్తరెక్కలు (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్కారం అందరికీ. రెండేళ్లుగా ఇక్కడి చర్చలన్నీ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేతికొచ్చి ఏడు నెలలైంది. మొత్తం 231 గంటలు. అందులో పీఐసీ (కమాండ్ నాదే అయిన గంటలు) 118, మల్టీ ఇంజిన్ 22, నైట్ 14. ఐఆర్ (మబ్బుల్లో పరికరాలు చూసి ఎగిరే రేటింగ్) ఉంది. క్లాస్ 1 మెడికల్‌కి ఇంకా నాలుగు నెలల గడువుంది. ఎయిర్‌లైన్ల కెరీర్ పేజీల్లో 63 అప్లికేషన్లు పెట్టాను (ఎక్సెల్‌లో లెక్క రాసుకుంటున్నా, అదొక పిచ్చి). 58 చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాలుగు చోట్ల నుంచి ఆటోమేటిక్ మెయిల్. ఒక్కచోట మాత్రం మనిషే మాట్లాడారు, "500 గంటలయ్యాక రండి" అని. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది నా పని.

చివరిసారి ఎగిరి 74 రోజులు. మొన్న నిద్రలో డౌన్‌విండ్ చెక్స్ (దిగే ముందు చేసే తనిఖీలు) చదివానట, చెల్లి చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అడగాలనుకున్నది ఇదీ. అప్పు మీద అప్పు చేసి ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) సొంతంగా చేసుకోవాలా? ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చెయ్యాలా? లేక హైరింగ్ మొదలయ్యేదాకా ఓపిక పట్టాలా? ఎవరైనా ఈ దారిలో నడిచినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

లాగ్‌బుక్_బాబాయ్

తమ్ముడూ, ముందు ఆ ఎక్సెల్ మూసెయ్. 63 తప్పు తలుపులు తట్టి ఎవరూ తియ్యట్లేదని బాధపడుతున్నావు.

సీపీఎల్ అంటే ఏంటో ఒకసారి చల్లగా ఆలోచించు. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) అనెక్స్ 1 చెప్పేది 200 గంటలు, అప్రూవ్డ్ కోర్సు అయితే 150. దాని అర్థం "ఎగిరినందుకు డబ్బు తీసుకోవడం ఇకపై నేరం కాదు" అని మాత్రమే. నిన్ను ఎవరో పెట్టుకుంటారని ఆ కాగితం మీద ఎక్కడా లేదు. అదే అనెక్స్‌లో ఏటీపీఎల్‌కి (ఎయిర్‌లైన్ కెప్టెన్‌కి కావాల్సిన లైసెన్సు) 1,500. ఈ రెంటి మధ్య 1,300 గంటల గొయ్యి ఉంది. ఆ గొయ్యి దాటడానికి ఒక్కో దేశం ఒక్కో నిచ్చెన వేసింది. యూరప్‌లో 200 గంటలవాడు ఎయిర్‌లైన్ కుడి సీట్లో, అంటే కో-పైలట్‌గా, కూర్చోవచ్చు. అమెరికాలో 2013 నుంచి కుడి సీటుకి కూడా ఏటీపీ (అక్కడి ఏటీపీఎల్) కావాలి. అంటే మామూలుగా 1,500. ఏవియేషన్ డిగ్రీ ఉంటే 1,000, మిలిటరీ నుంచి వస్తే 750. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ 3407 విమానం కూలి 50 మంది పోయాక వచ్చిన రూల్ ఇది. ఆ విమానంలో ఇద్దరు పైలట్లకీ అప్పటికే 1,500 దాటాయి. దాని మీద వాదన ఇప్పటికీ నడుస్తోంది, అది వేరే చర్చ.

నీకు ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. చిన్న ఆపరేటర్ల దగ్గర నిన్ను ఆపేది చాలాసార్లు ప్రభుత్వ రూల్ కాదు, ఇన్సూరెన్స్ పాలసీ. ఏ పైలట్ ఎగరొచ్చో అందులో ఒక నిబంధన ఉంటుంది. మొత్తం ఇన్ని గంటలు, ఆ టైపు మీద ఇన్ని, టెయిల్‌వీల్ (తోక కింద చక్రం ఉండే విమానం) మీద ఇన్ని అని. యజమానికి నువ్వు నచ్చినా ఆ కాగితం ఒప్పుకోదు. కాబట్టి ఎక్కడికెళ్లినా "ఉద్యోగం ఉందా" అని అడగకు. "మీ ఇన్సూరెన్స్‌కి ఎన్ని గంటలు కావాలండీ, ఆ టైపు మీద ఎన్ని?" అని అడుగు. మొదటి ప్రశ్నకి లేదనే జవాబు వస్తుంది. రెండోదానికి ఒక అంకె వస్తుంది. అంకె ఉంటే దాని వైపు నడవొచ్చు.

ఆ 74 రోజుల సంగతి ఇంకా ముఖ్యం. సీవీలో మొత్తం గంటల తర్వాత కన్ను పడేది "గత 90 రోజుల్లో" అన్న గడి మీదే. నెలకి ఒక్క గంటైనా సరే, అద్దెకి తీసుకుని ఎగురు. తినే ఖర్చు కాస్త తగ్గించుకున్నా పర్లేదు గానీ ఆ గడిలో సున్నా ఉండకూడదు.

కుడిసీటు

బాబాయ్ మాట కాదనను గానీ, అందరూ టైప్ రేటింగ్ అనగానే బూతు మాట విన్నట్టు మొహం పెడతారు. నేను సొంత డబ్బుతో చేసుకున్నవాణ్ణే. 214 గంటలకి ఏ320 రేటింగ్, 11 నెలలకి ఎయిర్‌లైన్. ఇప్పుడు 2,600 గంటలు. నాకు పని చేసింది.

కానీ పూర్తి కథ చెప్పాలి కదా. మా బ్యాచ్‌లో ఎనిమిది మందిమి. ముగ్గురికి సీటొచ్చింది. ఇద్దరు రేటింగ్ రెన్యూ చేయించుకోలేక వదిలేశారు. మిగతా ముగ్గురి సంగతి అడగడానికి మనసొప్పట్లేదు. ఆ రేటింగ్ పాల ప్యాకెట్ లాంటిది, డేట్ ఉంటుంది. ఏడాదికోసారి సిమ్యులేటర్లో చెక్ ఇవ్వాలి, ఆ ఖర్చూ నీదే. పైగా లైన్ మీద (నిజమైన ఎయిర్‌లైన్ ఫ్లైట్లలో) ఒక్క గంట కూడా ఎగరని రేటింగ్‌ని చాలా కంపెనీలు రేటింగ్‌గానే చూడవు.

నా సలహా ఒకటే. చేతిలో ఆఫర్ లెటర్ ఉండి, అందులో రేటింగ్ తర్వాత లైన్ ట్రైనింగ్ మొదలయ్యే తేదీ రాసి ఉంటే చేసుకో. "రేటింగ్ ఉంటే ప్రిఫరెన్స్ ఇస్తాం" అన్న మాట మీద మాత్రం చెయ్యకు. ప్రిఫరెన్స్‌తో కిస్తీ కట్టలేం.

మేఘమాల_ఎఫ్ఐ

ఇన్‌స్ట్రక్టర్ సంగతి నన్ను చెప్పనివ్వండి. 1,150 గంటలు ఇచ్చాను, ఇంకా ఇస్తున్నాను.

"గంటల కోసం ఇన్‌స్ట్రక్టర్ అవుతా" అని వచ్చేవాళ్లని మేం గుమ్మంలోనే గుర్తుపడతాం. స్టూడెంట్ ఫ్లేర్ చేస్తుంటే (నేల తాకే ముందు ముక్కు లేపుతుంటే) వాళ్ల కళ్లు గంటలు లెక్కపెట్టే హాబ్స్ మీటర్ మీద ఉంటాయి. అలాంటివాడి దగ్గర నేర్చుకునే పిల్లాడి మీద జాలేస్తుంది. అలా కాకుండా నిజంగా నేర్పాలని ఉంటే మాత్రం 200 గంటల పైలట్‌కి ఇంతకంటే మంచి చదువు లేదు. నేను స్టాల్స్ (రెక్కలు గాలి మీద పట్టు తప్పడం) గురించి ఏమీ తెలియకుండానే సీపీఎల్ పాసయ్యానని నాకు తెలిసింది మూడో స్టూడెంట్ దగ్గరే. రన్‌వే వైపు ఆఖరి మలుపు (బేస్ నుంచి ఫైనల్‌కి) తిరుగుతూ వరస దాటిపోతున్నానని ఆ అబ్బాయి ఎడమ రడ్డర్ గట్టిగా తొక్కాడు, ముక్కు కిందికి జారుతుంటే యోక్ (స్టీరింగ్) వెనక్కి లాగాడు. 500 అడుగుల్లో. పాఠ్యపుస్తకంలో స్టాల్ అయ్యే ఆ బొమ్మ నేనే వందసార్లు గీశాను. సీట్లో కూర్చున్నప్పుడు అది బొమ్మలా ఉండదు. ఎడమ రెక్క బరువెక్కినట్టు అనిపిస్తుంది, అంతే. "ఐ హ్యావ్ కంట్రోల్" అన్న నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇక లెక్కలు. యూరప్ పద్ధతిలో అయితే కోర్సులో 30 గంటల ఫ్లయింగ్, 125 గంటల థియరీ. బయటికొచ్చాక కూడా మొదట రెస్ట్రిక్టెడ్. అంటే పెద్ద ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలోనే నేర్పాలి, మొదటి సోలోకి నువ్వు పంపకూడదు. 100 గంటలు నేర్పి, 25 స్టూడెంట్ సోలోలు పర్యవేక్షించాకే ఆ ముద్ర పోతుంది. కాబట్టి రేటింగ్ చెయ్యబోయే ముందే అడుగు, పర్యవేక్షించడానికి ఆ స్కూల్లో మనిషి ఉన్నాడా అని. రేటింగ్ చేయించి "ఇప్పుడు ఖాళీ లేదు" అని పంపేసే స్కూళ్లున్నాయి. నాకూ అదే జరిగింది, ఐదు నెలలు ఇంట్లో కూర్చున్నాను. చివరికి వేరే స్కూల్లో ఒక ఇన్‌స్ట్రక్టర్ ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోతే శుక్రవారం ఫోనొచ్చింది, సోమవారం చేరాను. ఆ ఫోన్ నాకే ఎందుకొచ్చిందంటే, అంతకు ముందు నెల వాళ్ల గ్రౌండ్ క్లాసులు రెండు ఊరికే చెప్పి వచ్చాను.

వాస్తవం_మాట్లాడదాం

అందరూ గెలిచినవాళ్లే రాస్తున్నారు. ఓడినవాళ్లు ఇలాంటి చోట రాయరు, వాళ్లు వేరే ఉద్యోగంలో బిజీ.

ఈ రంగంలో నీ ప్రతిభ కంటే నువ్వు పాసైన సంవత్సరం ముఖ్యం. 2001 సెప్టెంబర్ తర్వాత, 2008 తర్వాత, 2020లో లైసెన్సు చేతికొచ్చినవాళ్లని అడుగు. ఇంకో ఉదాహరణ. 2006 నవంబర్లో ఐకావో ఎయిర్‌లైన్ పైలట్ల వయసు పరిమితి 60 నుంచి 65కి పెంచింది, 2007 డిసెంబర్లో అమెరికా కూడా పెంచింది. రిటైర్ కావాల్సినవాళ్లు మరో ఐదేళ్లు సీట్లోనే ఉన్నారు. ఆ వెంటనే 2008 వచ్చింది. అప్పుడు 230 గంటలతో నిలబడ్డవాడి తప్పేంటి? ఏమీ లేదు.

అందుకే పక్కన ఒక ఆదాయం పెట్టుకో. డిస్పాచ్, ఆపరేషన్స్, ఏదైనా సరే. "ఓపిక పట్టు" అని ఉచితంగా చెప్పేవాళ్లు నీ కిస్తీ కట్టరు.

లాగ్‌బుక్_బాబాయ్

@వాస్తవం: సంవత్సరం సంగతి ఒప్పుకుంటా. నేను 2002 బ్యాచ్. మూడేళ్లు గ్లైడర్లని (ఇంజిన్ లేని విమానాల్ని) తాడు కట్టి గాల్లోకి లాగాను. ఒక్కో టో పది నిమిషాలు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా 20 టోలు చేస్తే లాగ్‌బుక్‌లో పడేది మూడు గంటల చిల్లర. అయితే ల్యాండింగులు 20. క్రాస్‌విండ్ (పక్క నుంచి కొట్టే గాలి) అంటే నాకు ఈ రోజుకీ భయం లేకపోవడానికి కారణం ఆ మూడేళ్లే.

పక్కన ఆదాయం మాట వంద శాతం కరెక్ట్. కాకపోతే ఆ పని ఎయిర్‌ఫీల్డ్ గోడ లోపలే ఉంటే మేలు.

డోర్‌ఓపెన్

గోడ లోపల అన్నారు కాబట్టి నా కథ. స్కైడైవింగ్ క్లబ్‌లో పారాచ్యూట్లు మడతపెట్టే పనిలో చేరాను. పైలట్ని అని చెప్పాను గానీ ఎగరనివ్వమని అడగలేదు. వారాంతాల్లో పారాచ్యూట్లు మడిచి, విమానానికి ఇంధనం పోసి, విండ్‌షీల్డ్ మీద పురుగులు తుడిచి, నాలుగు నెలలు గడిపాను. ఒక శనివారం పైలట్‌కి జ్వరం. చీఫ్ పైలట్ నన్ను చూసి "నీకు ఎన్ని గంటలు?" అన్నాడు. అప్పటికి అద్దె విమానాలతో 262. వాళ్ల ఇన్సూరెన్స్‌కి 250 చాలు. ఆ రోజు ఆయనే ఎగిరాడు, మంగళవారం నాకు చెక్‌అవుట్ (ఆ విమానం నడపడం నేర్పి, చూసి ఒప్పుకోవడం) మొదలుపెట్టాడు.

పని తేలికని అనుకోవద్దు. సెస్నా 182, సీట్లన్నీ పీకేసి ఉంటాయి, పైలట్ సీటు తప్ప. నలుగురు నేల మీద నీ వైపు వీపు పెట్టి కూర్చుంటారు. 10,000 అడుగులకి ఎక్కడానికి పాత ఇంజిన్‌కి అరగంట. పైన "డోర్!" అని అరుపు, తలుపు పైకి ఎగిరి రెక్క కింద అతుక్కుంటుంది, చల్లగాలి చెంప మీద కొడుతుంది. అప్పుడు నలుగురూ ఒకేసారి కుడివైపు, వెనక్కి జరుగుతారు. ఒకడు స్ట్రట్ (రెక్క కింది ఊతకమ్మీ) పట్టుకుని బయట వేలాడతాడు. నువ్వేమో స్పీడ్ తగ్గించి ఉన్నావు, బరువు వెనక్కి జరిగింది, కుడి రెక్క మీద మనిషి ఉన్నాడు. స్టాల్ హార్న్ కూనిరాగం తీస్తుంటుంది. నీ పని ముక్కు లేవకుండా చూసుకోవడం, వెనక్కి తిరిగి చూడకుండా ఉండటం. వాళ్లు దూకగానే విమానం ఊపిరి పీల్చినట్టు పైకి లేస్తుంది.

ఇంకో భయం ఉంది. తలుపు దగ్గర ఎవరి రిజర్వ్ పారాచ్యూటైనా పొరపాటున విచ్చుకుంటే అది మనిషిని లాక్కుని తోక మీదకి పోతుంది. అందుకే పైలట్ వీపుకి కూడా ఒక పారాచ్యూట్ ఉంటుంది. మొదటి వారం అది వీపులో గుచ్చుకుంటుంది, తర్వాత లేకపోతే వెలితిగా ఉంటుంది.

దిగేటప్పుడు మాత్రం ఇంజిన్‌ని ప్రేమగా చూసుకోవాలి. పవర్ ఒక్కసారిగా తీసెయ్యకూడదు. అది మీరూ చదువుకునే ఉంటారు, కానీ కింద తర్వాతి లోడ్ ఎదురుచూస్తుంటే గుర్తుండదు.

కొత్తరెక్కలు

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్.

నిన్న ఒక మెయిల్ వచ్చింది, దాని గురించి అడగాలి. ఒక కంపెనీ (పేరు రాయను) టర్బోప్రాప్‌లో కుడి సీట్లో 300 గంటలు ఇస్తామంటోంది. జీతం లేదు, ఎదురు నేనే డబ్బు కట్టాలి. "500 దాటాక ఎయిర్‌లైన్లు మీ వెంట పడతాయి" అని రాశారు. విమానం కింగ్ ఎయిర్. నెలలోపు చెప్పాలట. ఇంట్లో అయితే కట్టేద్దాం అంటున్నారు.

కుడిసీటు

ఒద్దు. ఇంత సూటిగా నేను ఇక్కడ ఎప్పుడూ చెప్పలేదు.

లాగ్‌బుక్_బాబాయ్

తమ్ముడూ, ఒక్క ప్రశ్న అడుగు వాళ్లని: "ఈ విమానం ఒక్క పైలట్‌తో ఎగరడానికి సర్టిఫై అయిందా? అయితే ఈ ఫ్లైట్లలో రెండో పైలట్ తప్పనిసరి అని ఏ రూల్ చెబుతోంది?"

చిన్న కింగ్ ఎయిర్లు చాలావరకు సింగిల్ పైలట్ విమానాలే. రూల్ ప్రకారం గానీ ఆ ఆపరేషన్ ప్రకారం గానీ రెండో పైలట్ అవసరమైతేనే కుడి సీట్లో కూర్చున్న గంటలు కో-పైలట్ గంటలవుతాయి. కాకపోతే నువ్వు డబ్బు కట్టి కిటికీ పక్కన కూర్చున్న ప్యాసింజర్‌వి. లాగ్‌బుక్‌లో రాసుకోవచ్చు, కాగితం ఏమీ అనదు. రేపు ఇంటర్వ్యూలో ఒకాయన ఆ పేజీ తిప్పి, "ఎడమవైపు ఒక్కరున్నా సరిపోయే విమానంలో మీరేం చేస్తున్నారు?" అంటాడు. అక్కడితో ఆ 300 పోవడమే కాదు, మిగతా 231 మీద కూడా అనుమానం పడుతుంది.

లాగ్‌బుక్ ఇంటర్వ్యూ అంటే ఏంటో ఒకసారి చెబుతా, నేను బల్లకి అవతలి వైపు కూర్చున్నవాణ్ణి కాబట్టి. మొత్తం ఎవడూ చదవడు. మధ్యలో ఎక్కడో ఒక పేజీ తీసి, ఒక లైన్ మీద వేలు పెట్టి "ఈ ఫ్లైట్ గురించి చెప్పండి" అంటాం. నిజంగా ఎగిరినవాడు "ఆ రోజు ఆల్టర్నేటర్ లైట్ వెలిగింది సార్, వెనక్కి వచ్చేశా" అనో, "ఏమీ గుర్తులేదు సార్, మామూలు నావిగేషన్" అనో అంటాడు. రెండూ నిజంలాగే వినిపిస్తాయి. పార్కర్ పెన్ గంటలు (ఎగరకుండా పెన్నుతో పుట్టించినవి) రాసినవాడు మాత్రం వాతావరణం బాగుంది, విజిబిలిటీ బాగుంది, అంతా బాగుంది అంటాడు. ఒకడికి ఆ రోజు ఆ విమానం 100 గంటల ఇన్‌స్పెక్షన్‌లో ఇంజిన్ విప్పి ఉందని తెలియదు పాపం. టెక్ లాగ్ (ఆ విమానం రిపేర్ల పుస్తకం) మా ముందే ఉంది.

మేఘమాల_ఎఫ్ఐ

బాండ్‌కీ దీనికీ తేడా కూడా తెలుసుకో. కంపెనీ ట్రైనింగ్ ఇచ్చి, "రెండేళ్లలో మానేస్తే ఖర్చు తిరిగివ్వాలి" అంటే అది బాండ్. నచ్చకపోయినా న్యాయమే. కంపెనీ నీ దగ్గర ముందే డబ్బు తీసుకుని సీటు అమ్మితే నువ్వక్కడ ఉద్యోగివి కాదు, కస్టమర్‌వి. నీ గంటలు అయిపోగానే ఆ సీటు ఇంకొకరికి అమ్ముడవుతుంది. అమ్ముకోవడానికి సీటు ఖాళీగా ఉండాలి కాబట్టి అక్కడ నిజమైన ఉద్యోగం ఎప్పటికీ పుట్టదు.

లైన్‌మీద_లైన్

ఆలస్యంగా చూశాను. ఏరియల్ సర్వే (గాల్లోంచి నేలని కెమెరాతో తీసే పని) గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు.

గంటలు తొందరగా వచ్చేది ఇక్కడే. వాతావరణం కుదిరితే రోజుకి ఆరేడు గంటలు. కుదరకపోతే హోటల్ గదిలో తొమ్మిది రోజులు ఆకాశం చూస్తూ కూర్చోవాలి. ఎగరడం అంటే దుక్కి దున్నడమే. ఒక లైన్ పట్టుకుని తిన్నగా పోవాలి, చివర తిరగాలి, పక్క లైన్ పట్టాలి. రెక్క కొంచెం వంగినా, లైన్ నుంచి కొన్ని మీటర్లు జరిగినా ఆ లైన్ మళ్లీ ఎగరాలి. ఒక్క మబ్బు నీడ పడినా అంతే. నీళ్లు తక్కువ తాగడం, ఖాళీ సీసా దగ్గర పెట్టుకోవడం మొదటి రోజే నేర్పుతారు.

చేరిన తీరు మాత్రం చెప్పుకోదగ్గదే. పైలట్‌గా కాదు, వెనక కెమెరా ఆపరేటర్‌గా చేరాను. పైలట్ ఖాళీలకి వందల సీవీలు వస్తాయి. ఆపరేటర్ ఖాళీకి పైలట్లు అప్లై చెయ్యరు, చిన్నతనమట. సంవత్సరం వెనక కూర్చున్నాను. పైలట్ వెళ్లిపోయినప్పుడు కొత్తవాడికి లైన్లు నేర్పడం కంటే లైన్లు తెలిసినవాడిని ముందుకి జరపడమే వాళ్లకి తేలిక.

ఇసుకరన్‌వే

మీరంతా ఉన్నచోటే ఉద్యోగం వెతుకుతున్నారు. గంటలు తక్కువున్నవాళ్లకి ప్రపంచంలో కొన్ని ఊళ్లున్నాయి. ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్, కునునర్రా. కెనడా ఉత్తర ప్రాంతాలు. బోట్స్వానాలో మౌన్. నేను మౌన్ వెళ్లాను.

ఒకవాంగో డెల్టాలోని సఫారీ క్యాంపులకి మౌన్ నుంచే మనుషుల్ని, సామాన్లని చేరవేస్తారు. విమానాలేమో సెస్నా 206, ఎయిర్‌వ్యాన్, తర్వాత క్యారవాన్. క్యాంపులన్నీ ఇసుక, మట్టి స్ట్రిప్‌ల మీదే. దిగే ముందు ఒకసారి తక్కువ ఎత్తులో స్ట్రిప్ మీదుగా పోయి జంతువులు లేవని చూసుకోవాలి. నా మొదటి నెలలో ఒక జిరాఫీ కోసం 11 నిమిషాలు గాల్లో తిరిగాను, లాగ్‌బుక్ రిమార్క్స్‌లో అలాగే రాసుకున్నాను. మధ్యాహ్నం వేడికి గాలి పలచబడి 206 పరుగు తీస్తూనే ఉంటుంది, చెట్లు దగ్గరికొస్తూనే ఉంటాయి. పెర్ఫార్మెన్స్ చార్టులు అంత శ్రద్ధగా నేను పరీక్షకి కూడా చదవలేదు.

మెయిల్ పంపితే జవాబు రాదు. మనిషి వెళ్లాలి, కనపడాలి, వారం వారం వెళ్లి మళ్లీ కనపడాలి. మూడు నెలలు బతకడానికి డబ్బు పెట్టుకుని వెళ్లాను, పదో వారంలో ఇంటర్వ్యూ. నాతోపాటు అక్కడ తిరిగినవాళ్లలో సగం మంది ఉత్త చేతులతో వెనక్కెళ్లారు, అది కూడా రాయాలి. వెళ్లే ముందు లైసెన్సు మార్పిడి, వర్క్ పర్మిట్ సంగతులు తెలుసుకుని వెళ్లండి. టూరిస్టు వీసాతో ఎగరలేరు.

వాస్తవం_మాట్లాడదాం

"మూడు నెలలు బతకడానికి డబ్బు పెట్టుకుని" అన్నారు చూడండి, అసలు విషయం అక్కడుంది. అది ఉన్నవాడికే ఈ దారి. కెనడాలో ర్యాంప్ ఉద్యోగాలూ అంతే. పైలట్లు ఏడాది, ఏడాదిన్నర సామాన్లు ఎక్కిస్తూ, విమానాల మీద మంచు గీకుతూ సీటు కోసం ఎదురుచూస్తారు. అప్పులవాళ్లు ఫోన్ చేస్తుంటే అంత ఓపిక ఎక్కడ?

ఇసుకరన్‌వే

నిజమే, కాదనను. మా అన్నయ్య ఆ మూడు నెలలు నా కిస్తీ కట్టాడు. అది లేకపోతే నేనూ సగంలోనే వచ్చేసేదాన్ని.

నిర్వాహకుడు

గమనిక: పైన ఒక సభ్యుడు కంపెనీల పేర్లతో పెట్టిన పోస్టు తీసేశాం. అనుభవం రాయండి, పేర్లు వద్దు. సీవీ చూడమని ఫైళ్లు పెట్టేవాళ్లు ఫోన్ నంబరు, లైసెన్సు నంబరు చెరిపి పెట్టండి.

డోర్‌ఓపెన్

సీవీ అంటే గుర్తొచ్చింది. @కొత్తరెక్కలు, నువ్వు నాకు పంపింది చూశాను. మూడు పేజీలు, మొదటి పేజీలో నల్ల కళ్లద్దాలతో ఫోటో, "ఆకాశమే నా ఇల్లు" అని ఒక లైన్. అవన్నీ తీసెయ్. ఒక్క పేజీ చాలు. పైన లైసెన్సు, రేటింగులు, మెడికల్ గడువు. కింద గంటలు: మొత్తం, పీఐసీ, మల్టీ, ఐఎఫ్ఆర్ (పరికరాల మీద ఎగిరినవి), నైట్, గత 90 రోజులు. ఏ విమానాల మీద ఎగిరావో. ఎప్పుడు చేరగలవు అన్నచోట "రేపు" అని రాయి. హ్యాంగర్‌లో దాన్ని చదివేవాడి చేతికి గ్రీజు ఉంటుంది, రెండో పేజీ తిప్పడు.

కొత్తరెక్కలు (ఐదు నెలల తర్వాత)

చర్చని మళ్లీ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

ఆ 300 గంటల కంపెనీకి బాబాయ్ చెప్పిన ప్రశ్న పంపాను. జవాబు రాలేదు. రెండుసార్లు పంపాను. ఇంట్లోవాళ్లకి ఆ రెండు మెయిళ్లూ చూపిస్తే ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

నెలకి రెండేసి గంటలు అద్దెకి ఎగిరాను. బస్సులో నాలుగు ఎయిర్‌ఫీల్డ్‌లకి వెళ్లాను. మొదటిచోట సెక్యూరిటీ దాటనివ్వలేదు. రెండోచోట యజమాని పది నిమిషాలు మాట్లాడి, ఇన్సూరెన్స్‌కి 400 కావాలన్నాడు. మూడోచోట చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ నా సీవీని కాఫీ కప్పు కింద పెట్టుకున్నాడు, అదింకా అక్కడే ఉండి ఉంటుంది. నాలుగోచోట గ్లైడర్ క్లబ్. వించ్ (నేల మీద నుంచి గ్లైడర్‌ని లాగే యంత్రం) కేబుల్ చుట్టడానికి మనిషి తక్కువైతే చుట్టాను. మర్నాడు మళ్లీ వెళ్లాను. వాస్తవం గారి మాట విని వారంలో ఐదు రోజులు ఒక ఆపరేషన్స్ గదిలో ఫ్లైట్ ప్లాన్లు ఫైల్ చేసే పని కూడా చేస్తున్నాను, కిస్తీలు ఆగలేదు.

గత నెల టెయిల్‌వీల్ చెక్‌అవుట్ అయింది. పానీ అనే పాత విమానం, ఒకే సీటు. మొదటి సోలో టేకాఫ్‌లో తోక లేవగానే ఎడమకి లాగింది, రడ్డర్ కొంచెం లేటుగా వేశాను. పచ్చిక మీద పాము మెలికలా గీత పడింది, క్లబ్‌వాళ్లు దాన్ని ఫోటో తీసి గోడకి అంటించారు. ఇప్పటికి 41 టోలు. మొత్తం గంటలు 254 మాత్రమే. జీతం లేదు, టో చేసిన రోజు భోజనం పెడతారు. గత 90 రోజుల గడిలో మాత్రం 14 ఉంది.

ఒక సందేహం. నిన్న గ్లైడర్‌లో ఉన్న స్టూడెంట్ బాగా పైకి వెళ్లిపోయాడు. నా తోక పైకి లేస్తోంది, స్టిక్ కడుపుకి ఆనుకుంది, ముక్కు ఇంకా కిందికే పోతోంది. తాడు వదిలేసే రిలీజ్ లివర్ వెతకడానికి నాకు ఒక సెకను పట్టింది. అంతలో అతనే వదిలేశాడు. 1,200 అడుగుల్లో ఉన్నాం కాబట్టి సరిపోయింది. బాబాయ్, మీరు చెయ్యి ఎక్కడ పెట్టుకుని ఎగిరేవారు?

లాగ్‌బుక్_బాబాయ్

లివర్ మీదే. టేకాఫ్‌లో థ్రాటిల్ పూర్తిగా తోశాక చెయ్యి అక్కడి నుంచి నేరుగా రిలీజ్ మీదకి రావాలి, 1,000 అడుగులు దాటేదాకా అక్కడే ఉండాలి. అద్దంలో గ్లైడర్ కనపడకుండా పోయిందంటే ఆలోచించకు, లాగెయ్. తాడు పోతే ఇంకోటి కొంటారు. ఆ ఎత్తు 300 అయి ఉంటే నువ్వీ ప్రశ్న అడిగేవాడివి కాదు.

రేపు పొద్దున ఇంజిన్ వెయ్యకముందు కళ్లు మూసుకుని కూర్చుని ఆ లివర్‌ని 20 సార్లు పట్టుకో. ఆ స్టూడెంట్ ఇన్‌స్ట్రక్టర్‌తో కూడా ఈ రోజే మాట్లాడు, వారాంతం దాకా ఆగకు.

కొత్తరెక్కలు

ఇప్పుడే ఫోన్ చేశాను. రేపు ఏడింటికి రమ్మన్నారు, ముగ్గురం కూర్చుని మాట్లాడుకుంటాం.